సద్దుల నాటి సెలవు

2019 అక్టోబరు 5, శనివారం. సాయంత్రం ఆరు గంటల లోపు డిపోకు వచ్చి డ్యూటీలో చేరినవాళ్లే ఇక ఆర్టీసీ ఉద్యోగులు, రానివాళ్లను ఉద్యోగులుగా లెక్కపెట్టేది లేదని తెలంగాణ ప్రభుత్వం తేల్చి చెప్పింది. సమ్మె మొదలై అప్పటికి ఒక్క రోజు కూడా గడవలేదు. తెల్లారితే సద్దుల బతుకమ్మ.

ఆ మధ్యాహ్నం హుస్నాబాద్‌లో ఒక ఇంట్లో కండక్టరమ్మ గునుగు పూలకు రంగు పెడుతోంది. గుప్పెడేసి కంకులు కట్టగా దారంతో కట్టడం, కాడలు సమంగా కోయడం, గులాబీ రంగు కలిపిన నీళ్ల గిన్నెలో కొనలు ముంచి విదిలించడం, గోడవారగా పాత పేపరు మీద పరచడం. వేళ్లకు అంటిన రంగు మోచేతి దాకా పాకింది. టీవీలో కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. ఆరు గంటల గడువు అన్న మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరూ గడియారం వైపు చూస్తున్నారు, ఆమె తప్ప.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. నిజానికి ఆమె ఒక్కతే కాదు. ఆ రోజుల్లో ఆర్టీసీ వాళ్ల ఇళ్లలో నడిచిన మాటలను ఒక ఇంట్లోకి చేర్చి చెబుతున్న కథ ఇది. మనుషులు కల్పితం. తేదీలు, గడువులు, ప్రకటనలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

"నౌకరి పోతే మల్లొస్తదా బిడ్డా? పండుగైతే యాడాదికోసారి వస్తనే ఉంటది" అంది అత్తమ్మ.

"ఇన్నేండ్ల సర్వీసుల సద్దుల నాడు నేను ఇంట్ల ఉన్నది ఎప్పుడో చెప్పు అత్తమ్మా."

అత్తమ్మకు వెంటనే యాదికి రాలేదు.

బయటివాళ్లకు ఈ మాట అర్థం కావాలంటే డిపో లెక్క కొంచెం తెలియాలి. లోకానికి పండుగ వచ్చిందంటే ఆర్టీసీకి సీజన్ వచ్చినట్టు. హైదరాబాద్‌లో జేబీఎస్, ఎంజీబీఎస్ బస్టాండ్లు కిక్కిరిసిపోతాయి. జిల్లాల డిపోలన్నీ స్పెషల్ బస్సులు వేస్తాయి. మామూలు రోజుల్లో అటు హనుమకొండకో ఇటు సిద్దిపేటకో, కరీంనగర్‌కో తిరిగే సిబ్బంది మీద ఆ అదనపు ట్రిప్పులన్నీ పడతాయి. లీవ్ లెటర్ పెడితే డిపో మేనేజరు చూస్తాననైనా అనడు. ఆయన తప్పు కూడా కాదు, చార్టులో ఆ పేరు తీసేస్తే రాయడానికి ఇంకో పేరు ఉండాలి కదా. ఊరు ఊరంతా బతుకమ్మలెత్తుకొని చెరువుకు పోతుంటే కండక్టరమ్మ భుజాన బ్యాగు, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌తో ఆ గుంపు పక్క నుంచే బస్సులో పోతుంది. డ్యూటీ దిగాక టికెట్ల లెక్క సరిచూసి, డబ్బు కౌంటర్లో కట్టి ఇల్లు చేరేసరికి చెరువు గట్టు మీద పూలు తొక్కుడు పడి ఉంటాయి.

చట్టం లేక కాదు. బస్సులు, లారీలు నడిపే సంస్థల్లో పనిచేసేవాళ్ల కోసం 1961లోనే మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది, వారానికొక విశ్రాంతి దినం, ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు అని అందులో ఉండేది. కాగితం మీద సెలవు ఉంది. తీసుకోవడానికి కావలసిన రెండో మనిషి లేడు. అప్పటి సమ్మెకు ఆర్టీసీ సంఘాల జేఏసీ పెట్టిన 26 డిమాండ్లలో ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది పెద్దది, అందరి నోటా నానింది అదే. ఖాళీలు భర్తీ చేయాలన్న డిమాండును పేపర్లు లోపలి పేజీల్లో ఒక వాక్యంగా వేశాయి. నా దృష్టిలో ఆ వాక్యమే డిపోలో పనిచేసే ఆడవాళ్లకు పండుగ సెలవు. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నన్నాళ్లూ లీవ్ అనేది అడిగినవాళ్ల గొంతెమ్మ కోరికలాగే కనిపిస్తుంది.

అలాగని సమ్మె చేసినవాళ్లంతా ధర్మరాజులని చెప్పబోవడం లేదు. దసరాకు మూడు రోజుల ముందు బస్సులు ఆపితే సర్కారు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుందని సంఘాలకు తెలుసు. ఆ ఒత్తిడి సర్కారు కంటే ముందు జేబీఎస్‌లో సంచులు పట్టుకొని నిలబడ్డ జనం మీద పడుతుందనీ తెలుసు. ఎందరికో ఆ ఏడు పండుగకు ఊరు చేరడమే గగనమైంది.

నాలుగున్నరకు పెనిమిటి బయటి నుంచి వచ్చాడు. ఆయనది పత్తి మిల్లులో సీజన్ పని, ఉన్నన్నాళ్లు ఉంటుంది.

"ఎవలన్న పోయిండ్రా లోపలికి?"

"మాకేం తెలుసు. నువ్వు చూసి రాలేదా?"

"గేటు కాడ పోలీసులున్నరు. మనోళ్లు బయటనే కూసున్నరు." ఆయన కాసేపు గునుగు పూల వైపు చూశాడు. "నేనైతే పొమ్మంట. ఒక్క సంతకం. రేపు డ్యూటీ పడితే పడనీ. పిల్ల ఇంటర్ల ఉంది."

"అందరు బయట ఉంటే నేనొక్కదాన్ని ఎట్ల పోవాలె?"

ఇది ధైర్యమని ఆమె ఎన్నడూ చెప్పుకోదు. మర్నాటి నుంచి అదే రెస్ట్ రూంలో అదే మనుషుల మొహాలు చూడాలి. ఆ భయం ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఒక వేలెడు ఎక్కువైంది, అంతే. ఆరు దాటింది. రాష్ట్రం మొత్తం మీద నలభై ఎనిమిది వేల పైచిలుకు సిబ్బందిలో గడువులోపు చేరినవాళ్లు పన్నెండు వందల మంది కూడా లేరు.

మర్నాడు ఆదివారం. ముఖ్యమంత్రి కేసీఆర్ సమీక్ష జరిపి, రానివాళ్లంతా తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టు లెక్క అన్నారు. సెల్ఫ్ డిస్మిస్ అన్న మాట ఆ సాయంత్రానికి హోటళ్లలో చాయ్ తాగేవాళ్ల నోట్లోకి వచ్చేసింది. హుస్నాబాద్‌కు ఆ నాయకుడితో ఒక ప్రత్యేక బంధం ఉంది. 2018లో అసెంబ్లీ రద్దు చేసిన మరునాడే, సెప్టెంబరు 7న, ఎన్నికల తొలి సభ పెట్టింది ఈ ఊళ్లోనే. అచ్చొచ్చిన ఊరని పేరు. సభకు జనాన్ని తెచ్చిన బస్సుల ముచ్చట డిపోలో చాన్నాళ్లు నడిచింది.

సద్దుల నాడు కండక్టరమ్మ తాంబాళంలో తంగేడు పరిచి, గునుగు వరుస పెట్టి, బంతిపూలు చుట్టి, పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మను నిలిపింది. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర చేసింది. బియ్యం ఇంట్లోవే. నువ్వులు కొట్లో ఖాతా మీద తెచ్చింది, సెప్టెంబరు జీతం ఇంకా పడలేదు కనుక. ఎల్లమ్మ చెరువు దగ్గర ఎన్నో ఏండ్ల తర్వాత నలుగురిలో చేరి చప్పట్లు కొడుతూ తిరిగింది. రెండు చుట్లు తిరగకముందే పక్కింటామె అడిగింది: "ఇయ్యాల డ్యూటీ లేదా వదినా?"

అడిగినామెకు తెలియక కాదు. ఎరిగి అడగడమే. వెటకారమో జాలో పోల్చుకోవడం కష్టం.

"లేదు వదినా. రేపు గూడ లేదు" అని ఈమె నవ్వింది. తర్వాత అడుగు తప్పింది. చప్పట్లు ఒక లయలో, ఈమె చేతులు ఇంకో లయలో. నీళ్లలో బతుకమ్మను వదిలి, గౌరమ్మ పసుపు పుస్తెలకు రాసుకొని, సద్దులు పంచి ఇంటికొచ్చింది. ఇన్నేండ్లు ఏ పండుగ కోసం మొహం వాచిందో ఆ పండుగే కడుపు నిండా దొరికింది. రుచి మాత్రం తెలియలేదు. తెల్లారి లేచి వెళ్లడానికి డిపో ఒకటి ఉంటేనే ఇవాళ ఇంటిపట్టున ఉండడం సెలవవుతుందని ఆమెకు ఆ రాత్రి అర్థమైనంతగా ఏ యూనియన్ మీటింగులోనూ అర్థం కాలేదు.

పిల్లలకు మాత్రం నిజమైన సెలవులు దొరికాయి. బస్సులు లేవని దసరా సెలవులను ప్రభుత్వం అక్టోబరు 19 వరకు పొడిగించింది. అమ్మ కొలువు ఊగిసలాడుతున్నందుకు రాష్ట్రంలో బడిపిల్లలందరికీ వారం రోజుల ఆట! చిన్నోడు గల్లీలో క్రికెట్ ఆడుకుంటూ కేకలేస్తుంటే తిట్టాలో ముద్దు చేయాలో ఆమెకు తోచలేదు.

ఆ వారంలోనే ఎదురింటి పిల్లగాడు వచ్చాడు. డిగ్రీ అయిపోయి ఊరికే ఉన్నాడు. తాత్కాలిక కండక్టర్లకు రోజుకు వెయ్యి, డ్రైవర్లకు పదిహేను వందలు ఇస్తున్నారు.

"చిన్నమ్మా, నన్ను పొమ్మంటున్నరు మా ఇంట్ల. నువ్వేమంటవ్?"

ఆమెకు కోపం ముంచుకొచ్చింది, ఒక్క నిమిషం మాట్లాడలేదు. తన సీట్లోకి పోవడానికి తననే అడుగుతున్నాడు. పైగా అడగడంలో మర్యాద ఉంది. చెప్పకుండా పోయినవాళ్లు ఎంతమంది లేరు?

"నీకు నౌకరి ఉందారా?"

"లేదు గదా."

"మరి నేను వద్దంటే నువ్వు పోకుండ ఉంటవా?"

పిల్లగాడు నేల చూశాడు.

"పో. ముసలోళ్లకు చిల్లర ఎగ్గొట్టకు. స్టేజీ స్టేజీకి రేటు రాసిచ్చుకో. నోటికొచ్చినంత అడగకు." మొదటి రోజుల్లో చాలాచోట్ల టికెట్లే లేకుండా పైసలు వసూలు చేశారన్న గొడవ అప్పటికే పేపర్లకెక్కింది. లోపలికి పోయి ఒక నోటుపుస్తకం కాగితం చింపి తన రూటు స్టేజీలు, చార్జీలు రాసిచ్చింది. పెనిమిటి చూసి ముక్కున వేలేసుకున్నాడు. జేఏసీ వాళ్లకు తెలిస్తే ఏమనేవాళ్లో మరి.

ఒంటికి నిప్పు పెట్టుకున్న ఖమ్మం డిపో డ్రైవరు ఒకాయన అక్టోబరు 13న కాలిన గాయాలతో కన్నుమూశాడు. అంతటితో ఆగలేదు. ఆ తర్వాత అక్కడొకరు ఇక్కడొకరు ప్రాణాలు తీసుకున్నారు. కొందరి గుండె ఆగింది. అత్తమ్మ టీవీ కట్టేయించింది. పెనిమిటి రాత్రిళ్లు లేచి ఆమె పడుకుందో లేదో చూసేవాడు. నెలన్నర పాటు డ్యూటీ లేదు, ఒక్క రాత్రి కంటి నిండా నిద్ర లేదు.

పగటిపూట సమ్మె శిబిరం. రాష్ట్రంలో చాలా డిపోల ముందు వంటావార్పు చేశారు, ఆడవాళ్లు బతుకమ్మ ఆడి నిరసన తెలిపారు. సద్దులు అయిపోయాక బతుకమ్మ ఏమిటని అత్తమ్మకు నచ్చలేదు. 2011 సకల జనుల సమ్మె ఆమెకు యాదికుంది. సెప్టెంబరు 13 నుంచి నలభై రెండు రోజులు. అప్పుడు కూడా బస్సులు డిపోల్లోనే ఉన్నాయి.

"అప్పుడు తెలంగాణ కోసం చేస్తిరి. అందరు అన్నం పెట్టిండ్రు. ఇప్పుడు ఎవలు పెడుతున్నరు?"

జవాబు లేని ప్రశ్న. అప్పుడు ఊరంతా ఒక పక్క. ఇప్పుడు ఊరికి బస్సు కావాలి.

నవంబరు 2న కేబినెట్ కూర్చుంది. 5,100 రూట్లు ప్రైవేటుకిస్తామన్నారు. 5వ తేదీ అర్ధరాత్రి లోపు బేషరతుగా చేరితే కొలువు ఉంటుందని మరో గడువు పెట్టారు. ఈసారి పెనిమిటి పొమ్మనలేదు, వద్దనలేదు. అలా ఊరుకోవడమే పెద్ద ఒత్తిడి. రాత్రి పదింటికి ఆమె చెప్పులేసుకొని బయలుదేరింది. బిడ్డ వెనకాల నడిచింది.

"అమ్మా, సంతకం పెడతవా?"

"తెల్వదే."

డిపో మూల మలుపు దగ్గర తన బ్యాచ్ ఆమె కనిపించింది. అటే చూస్తూ నిలబడి ఉంది, ఆమె కూడా సంచి లేకుండానే వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు ఎందుకొచ్చావని అడగలేదు. పక్కన దుకాణం అరుగు మీద కూర్చొని పిల్లల చదువులు, సీసీఎస్ పరపతి సంఘం లోను, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నారు. పన్నెండు దాటాక లేచి ఎవరింటికి వాళ్లు పోయారు. ఒకరిని చూసి ఒకరు ఆగారా, ఇద్దరిలో ఒకరు లేకుంటే రెండోవారు లోపలికి పోయేవారా అన్నది ఇప్పటికీ ఆ ఇద్దరూ తేల్చుకోలేదు.

తర్వాతి మూడు వారాలు కోర్టు, వాయిదాలు. 25న జేఏసీ సమ్మె విరమించింది. 26 తెల్లవారుజామున యూనిఫాం వేసుకొని డిపోలకు పోతే చేర్చుకునేది లేదని వెనక్కి పంపారు. ఎక్కువ నొప్పి పెట్టిన రోజు అదేనని అందరూ చెబుతారు. యాభై రెండు రోజులు పోనని కూర్చున్నవాళ్లను పోతానన్న రోజున రానివ్వలేదు. 28న మళ్లీ కేబినెట్. 29 శుక్రవారం పొద్దున చేరమన్నారు. చేరారు. విలీనం రాలేదు.

డిసెంబరు 1న తన అధికార నివాసం ప్రగతి భవన్‌కు ఒక్కో డిపో నుంచి ఐదుగురిని, అందులో ఆడవాళ్లను తప్పనిసరిగా చేర్చి, పిలిచి ముఖ్యమంత్రి భోజనం పెట్టి మాట్లాడారు. సెప్టెంబరు జీతం, సమ్మె కాలపు జీతం ఇస్తామన్నారు. చనిపోయినవాళ్ల ఇంట్లో ఒకరికి ఉద్యోగం. రిటైర్మెంట్ వయసు అరవై. ఆడవాళ్లకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వేయొద్దన్నారు. పిల్లల సంరక్షణకు సెలవు. డిపోల్లో వాళ్లకు వేరే గది, వేరే మరుగుదొడ్డి. రెండేళ్లు సంఘాల ఎన్నికలు ఉండవన్నదీ ఆ రోజు చెప్పిందే. సంఘం చేతిలోంచి తీసుకొని మనుషుల చేతిలో పెట్టినట్టుంది ఆ లెక్క.

కండక్టరమ్మకు అందులో వినబడింది ఒక్కటే, రాత్రి ఎనిమిది. "ఎనిమిదింటికి ఇల్లు చేరితే సద్దుల నాడు సగం బతుకమ్మనన్న ఆడొచ్చు" అంది బిడ్డతో. అడిగింది ప్రభుత్వ ఉద్యోగుల హోదా. దొరికింది సాయంత్రం. సమ్మెలో ఇలా సెలవు దొరకడం కొత్త కాదు. ఫ్రాన్సులో 1936 జూన్‌లో కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి కూర్చుంటే దేశం మొత్తానికి రెండు వారాల జీతపు సెలవు చట్టమైంది. ఆ వేసవిలో జీవితంలో మొదటిసారి సముద్రం చూసిన కూలీలు ఉన్నారు. సమ్మెల చరిత్రలో కొలువు భద్రత, సెలవు ఒకదానికొకటి ఎదురు నిలబడిన సందర్భాలు తక్కువే. ఒకటి అడగబోతే రెండోది కూడా కాస్తో కూస్తో వెంట వస్తుంది. ఇంట్లో మాత్రం అవి ఎప్పుడూ ఎదురుబొదురుగానే కూర్చుంటాయి, ఆ అక్టోబరు సాయంత్రం అత్తాకోడళ్లలా.

2020లో కరోనా వచ్చి మార్చి చివర ఆగిన జిల్లాల బస్సులు మే 19న గానీ కదలలేదు. మళ్లీ దాదాపు రెండు నెలలు ఇంట్లోనే. ఈసారి గడువుల్లేవు. అత్తమ్మ ఆవకాయ పెట్టించింది.

విలీనం బిల్లు 2023 ఆగస్టు 6న అసెంబ్లీలో పాసైంది. సెప్టెంబరులో గవర్నరు సంతకమూ అయ్యింది. నలభై మూడు వేల మందికి పైగా ఉద్యోగుల బిల్లు అది. ఆ ఏడాది చివర ఎన్నికల్లో సర్కారు మారింది. హుస్నాబాద్ నుంచి గెలిచిన పొన్నం ప్రభాకర్ రవాణా మంత్రి అయ్యారు. డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. బస్సులో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. జీరో టికెట్ కొట్టి కొట్టి బొటనవేలు వాచిందని కండక్టరమ్మ అంటుంది గానీ, సద్దులకు పుట్టింటికి పోయే ఆడబిడ్డలు పైసా లేకుండా పోతున్నారని చెప్పేటప్పుడు ఆమె మొహంలో తనదే ఆ బస్సన్నంత గర్వం ఉంటుంది.

2025 మే 7 నుంచి మళ్లీ సమ్మె అని జేఏసీ నోటీసు. ఈసారి చర్చలకు కూర్చున్న మంత్రి తమ ఊరి ఎమ్మెల్యే. 6వ తేదీన సమ్మె వాయిదా పడిందని వార్త వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. బిడ్డ ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రైవేటు కొలువు చేస్తోంది. ఫోన్ చేసి అడిగింది.

"సమ్మె ఉంటే ఏం చేస్తుంటివే అమ్మా?"

"గప్పటి లెక్కనే. గేటు దాకా పోయి కూసుంటుంటి."

"నేనైతే రిజైన్ కొట్టి ఒక నెల తిరిగొద్దామనుకుంటున్న. గోవా, గీవా."

"ఇంకోటి చేతికొచ్చినంక పోతవా, ముందే పోతవా?"

"ముందే."

తల్లి కాసేపు ఆలోచించింది. వద్దు అనలేదు. "పైసలెన్ని నెలలకున్నయో చూస్కో" అంది.

7వ తేదీ పొద్దున డ్యూటీకి పోయింది. మొదటి ట్రిప్పు ముందు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చింది. గుమస్తా చదివి కళ్లద్దాల పైనుంచి చూశాడు. సెప్టెంబరు 30న సద్దుల బతుకమ్మకు సెలవు కోరుతూ లీవ్ లెటర్.

"ఇంకా ఐదు నెలలుంది గదమ్మా?"

"చార్టుల నా పేరు ఎక్కకముందే ఇయ్యాలె గద సార్" అని, స్టాంపు వేసిన కాపీ అడిగి తీసుకొని బ్యాగులో పెట్టుకుంది.